బర్డెన్ అన్న మాటకు రెండో అర్థం

మా ఇంటి పక్క చర్చిలో శనివారం సాయంత్రాలు పాటల ప్రాక్టీసు జరుగుతుంది. నిన్న హార్మోనియం ముందు కూర్చున్న అమ్మాయి చరణాలన్నీ వదిలేసి పల్లవినే పట్టుకుని మళ్లీ మళ్లీ పాడుతోంది. చారు పొంగి స్టవ్ మీద పడిన వాసన వచ్చేదాకా నేను కిటికీ దగ్గర నుంచి కదల్లేదు. పల్లవి అంటే చాలు, నాకు సుగుణమ్మ టీచరు గుర్తొస్తారు. గూడూరులో ఏళ్ల తరబడి ఇంగ్లీషు చెప్పి రిటైరై మా వీధిలోనే ఉండేవారు. ఓ పట్టాన నవ్వే మనిషి కాదు. తప్పు ఇంగ్లీషు వింటే పంటికింద రాయి పడ్డట్టు ముఖం పెట్టేవారు. ఆవిడ అరుగు మీద కనబడితే నేను చుట్టు తిరిగి వెళ్లేదాన్ని.

నా భయానికి కారణముంది. ఇంటర్ ఇంగ్లీషులో రెండుసార్లు తప్పి ఇంట్లో కూర్చున్నదాన్ని. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాయన నిమ్మకాయల మార్కెట్లో పనిచేసేవారు. పరీక్ష పోయినా నన్ను ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే నాకు గుబులు. ఆయన మనసులో ఏముందో అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను. అడగకముందే ఒక మధ్యాహ్నం మార్కెట్లో కుప్పకూలి, ఇక లేవలేదు.

నాయన జ్ఞాపకార్థ కూడికకు నాయుడుపేట నుంచి ఒక ముసలి పాస్టరుగారు వచ్చారు. తమిళాయన, తెలుగు రాదు. మార్కెట్లో నేర్చిన తమిళంతో నాయన ఆయనతో గంటలకొద్దీ కబుర్లాడేవారు. ఆయన ఇంగ్లీషులో మాట్లాడుతుంటే మా సంఘంలోని ఒక కుర్రవాడు తెలుగు చేస్తున్నాడు. "ది బర్డెన్ ఆఫ్ ఆల్ హిజ్ టాక్ వాజ్ హిజ్ డాటర్" అన్నారు పాస్టరుగారు. "ఎప్పుడు మాట్లాడినా కూతురు తనకు భారమనే చెప్పేవారు" అన్నాడు కుర్రవాడు మైకులో. ఆడవాళ్లు నా వైపు జాలిగా చూశారు. తల దించుకున్నదాన్ని మళ్లీ ఎత్తలేకపోయాను. అడగాలనుకున్న ప్రశ్నకు జవాబు వచ్చేసిందనుకున్నాను.

కూడికలో వెనక వరసలో కూర్చున్న టీచరు మర్నాడు పొద్దున్నే మా ఇంటికొచ్చారు. పలకరింపు కూడా లేకుండా మొదలుపెట్టారు.

"ఆ పిలగాడికి బర్డెన్ అంటే బరువొకటే తెలుసు. పాత ఇంగ్లీషులో దానికి ఇంకో అర్థం ఉండాది పాపా. పాటలో చరణం అయినాక తిరిగొస్తాదే పల్లవి, అది. మాటల్లో అయితే, ఎటు పోయినా మళ్లా అక్కడికే వచ్చే సంగతి."

నన్ను ఓదార్చడానికి చెబుతున్నారా అని అడిగాను. ఆవిడ ముఖం మళ్లీ రాయి పడ్డ ముఖమైపోయింది.

"ఏడ్చేవాళ్లని చూసి అర్థాలు మార్చేదాన్నయితే ఇన్నేళ్లు పాఠం ఎట్ట చెప్పినాను? నమ్మకం లేకపోతే ఆ మాటన్నాయన్నే అడుగుదువు, పద."

బస్సెక్కించి నాయుడుపేట తీసుకెళ్లారు. పాస్టరుగారి వరండాలో కూర్చోబెట్టాక, అడగాల్సింది నేనేనని, ఆయన ఇంగ్లీషులో అన్నదాన్ని ఇంగ్లీషులోనే అడగాలని చెప్పి, ముఖం రోడ్డు వైపు తిప్పుకున్నారు. నాకు నోరు పెగల్లేదు. పాస్టరుగారు సాయం కోసం టీచరు వైపు చూశారు. ఆవిడ ఆగమన్నట్టు చెయ్యెత్తారే గానీ ఇటు తిరగలేదు. నా ఇంగ్లీషు కోసం ఒకరు ఆగడం నాకదే మొదటిసారి. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. చివరికి ఎలాగో అన్నాను.

"సార్, బర్డెన్... వెయిట్? ఆర్ సాంగ్?"

ఆయనకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సాంగ్, అమ్మా. ఓన్లీ సాంగ్." తర్వాత టీచరుతో చాలాసేపు మాట్లాడారు. బస్టాండుకు నడుస్తూ ఆవిడ నాకు తెలుగులో చెప్పారు.

"కాయల రేటు అడిగినా, వాన సంగతెత్తినా మీ నాయన నీ దగ్గరికే వచ్చేవాడంట. మా పాపకి అన్నీ తెలుసు, చెప్పేదానికి కొంచెం టైం పడతాది అనేవాడంట."

గూడూరు వచ్చేదాకా బస్సులో ఏడుస్తూనే ఉన్నాను. టీచరు ఊరుకోమనలేదు. దిగేటప్పుడు మాత్రం, రేపట్నుంచి పాఠానికి రమ్మన్నారు.

ఆవిడ పోయి చాలా కాలమైంది. నేనూ ఇప్పుడు ఇంగ్లీషే చెబుతున్నాను. క్లాసులో లేచిన పిల్ల జవాబు రాక నిలబడిపోతే, వెనక నుంచి అందించబోయేవాళ్లను చెయ్యెత్తి ఆపుతాను. ముఖం కిటికీ వైపు తిప్పుకుని, ఆ పిల్ల నోటి నుంచి మొదటి మాట వచ్చేదాకా నిలబడతాను.