గంగన్న ఉమ్మిన డబ్బా

గంగన్నది పెడన. నలభై ఏళ్ళు కలంకారీ గుడ్డల మీద అచ్చులు వేశాడు. ఇంటి హద్దు తగాదాలో తోడల్లుడి తల పగలగొట్టి జైలుకొచ్చాడు. లోపల మాత్రం అందరికీ మావయ్య. జ్వరమొచ్చినవాడికి గంజి పట్టించేది ఆయనే. ఖైదీలకి క్షయ పరీక్షలు చేయడానికి ఆస్పత్రి నుంచి వారం వారం వెళ్ళే నాకూ ఆయనంటే గురి. అదే నా కొంప ముంచింది.

హంసలదీవి నుంచి వచ్చిన నాగవంశీ మూడు వారాలుగా దగ్గుతున్నాడు. ఇంటి దగ్గర పసిబిడ్డ. రేపో మాపో బెయిలు. జబ్బు తేలితే బయటికి వదలరని లోపల ఒక పిచ్చి నమ్మకం. అదంతా ఉత్తదని నేనే చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. నా ఎదుటే దగ్గించి కళ్ళె పట్టాలి. ఎండకి జడిసి, డబ్బా గంగన్న చేతికిచ్చేసి వరండాలో కూర్చున్నాను. బుద్ధి లేదు నాకు. లోపల వంశీ డబ్బాలో గంగన్న ఉమ్మాడు. ఆ సంగతి చాన్నాళ్ళు నాకు తెలియదు.

జబ్బు లేదని రిపోర్టు వచ్చింది. వంశీ ఇంటికి వెళ్ళిపోయాడు.

ఐదు నెలల తర్వాత అతని భార్య ప్రియ గంగన్నని చూడటానికి వచ్చింది. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. వంశీ రక్తం కక్కుకుని పోయాడట. జైల్లో పరీక్ష చేశారు, నాకేం లేదు అని చివరిదాకా ఇంట్లో అందరికీ చెప్పాడట. మావయ్య వల్లే బిడ్డని చూసుకోగలిగానన్నాడట. అందుకని దండం పెట్టుకుని వెళదామని వచ్చింది. ఆమె చంకలో బిడ్డ దగ్గుతోంది.

గంగన్న బిడ్డ వంకే చూశాడు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు.

"నాకు దండం పెట్టకమ్మా. మీ ఆయన డబ్బాలో ఉమ్మింది నేను. అతనికి టీబీ ఉండే ఉంటుంది. బిడ్డని ఇవాళే ఈ మేడంగారి వెంట ఆస్పత్రికి తీసుకెళ్ళు."

నాకు ఒళ్ళు మండింది. చెడామడా తిట్టబోయాను. ఆ డబ్బా ఇచ్చి వరండాలో కూర్చున్నది ఎవరో గుర్తొచ్చి ఆగిపోయాను.

ప్రియకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. తర్వాత నన్ను అడిగింది.

"మందులు వాడితే ఆయన బతికేవాడా అండీ?"

ఆరు నెలలు మాత్రలు మింగితే నయమవుతుందని బ్యారక్ బ్యారక్‌కీ తిరిగి చెప్పేదాన్ని నేను. ఆమెకి మాత్రం గంగన్నే చెప్పాడు.

"బతికేవాడమ్మా."

ప్రియ మళ్ళీ ఆయన వంక చూడలేదు. బిడ్డని భుజాన వేసుకుని, ఆస్పత్రికి ఎటు వెళ్ళాలని నన్నడిగింది.