కుందూ గట్టున తొమ్మిది గీతలు

అబ్దుల్ గఫార్ భాయ్ రోజూ పొద్దున్నే ఏటిని కొలిచేవాడు. నీళ్లున్నా కొలిచేవాడు, లేకున్నా కొలిచేవాడు. ఫజర్ నమాజు ముగించుకుని మసీదు నుంచి నేరుగా కుందూ గట్టు దిగి, కాలినడక వంతెన మొదటి స్తంభం దగ్గర నిలబడేవాడు. ఆ స్తంభం మీద ఆయన చేత్తో గీసిన తొమ్మిది గీతలున్నాయి. అయిదు దాకా తెలుపు, ఆరూ ఏడూ పసుపు, ఎనిమిదీ తొమ్మిదీ ఎరుపు. నీళ్లు ఏ గీత దగ్గరున్నాయో చూసుకుని, మా వీధి పొడుగునా నడుస్తూ ఇంటింటికీ చెప్పేవాడు.

"శెట్టీ, ఈ పొద్దు రెండు."

నడివేసవిలో కుందూలో బర్రెలు పొర్లే బురద తప్ప ఏమీ ఉండదు. అప్పుడూ చెప్పేవాడు. "శెట్టీ, ఈ పొద్దు సున్న."

ఆ వేళకు నేను పూజగదిలో ఉంటాను. అహోబిలం నరసింహస్వామికి నా కష్టాలన్నీ విన్నవించుకోవడానికి నాకు గంట పడుతుంది. కిరాణా కొట్టు నడిపేవాడికి కష్టాలకేం తక్కువ? ఆ గంటలో గఫార్ భాయ్ నలభై ఇళ్లు తిరిగి వచ్చేవాడు. గోవిందమ్మ ఇంటి ముందు మాత్రం గొంతెత్తేవాడు కాదు. ఆమె ఆసుపత్రిలో ఆయా. రాత్రి డ్యూటీ చేసి వచ్చి అప్పుడే పడుకుని ఉంటుంది. అందుకని ఆమె గడప పక్కన సుద్దముక్కతో అంకె వేసి వెళ్లిపోయేవాడు. ఈ సంగతి గమనించడానికి నాకు రెండేళ్లు పట్టింది. వీధి సంఘానికి అధ్యక్షుణ్ణి కదా, గడపల దాకా నా చూపు దిగేది కాదు.

గఫార్ భాయ్ పుట్టింది ఆళ్లగడ్డలో. అక్కడ సాల్మన్ రాజు అనే బోర్డుల ఆర్టిస్టు దగ్గర పదిహేనో ఏట కుంచె పట్టాడు. అహోబిలం వెళ్లే జీపుల నుదుటి మీద స్వామి పేరు రాయడం ఆయన మొదటి పని. ఆ పేరు రాసేటప్పుడు చెప్పులు పక్కన విడిచేవాడట. ఎవరూ విడవమనలేదు. "నీకు దేవుడు కదా శెట్టీ, నేను చెప్పులేసుకోని రాస్తే బాగుంటాదా?" అన్నాడు ఒకసారి. ఏటా అహోబిలం పోతూ జీపు ఎక్కే ముందు నేను చెంపలు వేసుకున్నది ఆయన అక్షరాలకే అని నాకు యాభై ఏళ్లు దాటాక తెలిసింది.

నూరున్నీసాను పెళ్లి చేసుకుని నంద్యాలకు వచ్చి, సగం బజారుకు బోర్డులు రాశాడు. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. కుంచె పని ఆటోల మీద పేర్లకూ, నీళ్ల ట్యాంకుల మీద అంకెలకూ తగ్గింది. ఆయన ఇల్లు మా వీధిలో చిట్టచివరిది, అన్నిటికంటే పల్లంలో ఉంది. పదేళ్ల కిందట ఒకసారి కుందూ పొంగి ఆ ఇంట్లోకి వచ్చింది. నూరున్నీసా కుట్టుమిషను బురదలో కూరుకుపోయింది, రంగు డబ్బాలు కొట్టుకుపోయాయి. మర్నాడు ఇల్లు కడగకముందే ఆయన మిగిలిన డబ్బాలు పట్టుకుని వంతెన దగ్గరికి వెళ్లాడు. తన గోడ మీద బురద మరక ఎంత ఎత్తుందో అది తొమ్మిదో గీత. తన గడప ఎనిమిదో గీత. మిగతావి అక్కణ్ణుంచి కిందికి, గీతకూ గీతకూ మూరెడు.

ఇక సంఘం సంగతి. ఆరేళ్ల కిందట మా కొట్టు మీది గదిలో మొదటి సమావేశం జరిగింది. వచ్చినవాళ్లం ఎనిమిదిమంది. రెండు గంటల సమావేశంలో గంటా ముప్పావు పేరు మీదే గడిచింది. తప్పు నాదే. పగిడ్యాల దగ్గర పల్లె బడిలో పదో తరగతి చదివినప్పుడు వ్యాసరచనలో నాకు ఒక స్టీలు గ్లాసు బహుమతి వచ్చింది. ఆ గ్లాసు సొట్టలు పోయింది కానీ దాని గర్వం ఇంకా పోలేదు.

"కుందూ గట్టు సంఘం అంటే సాల్దా అప్పా?" అన్నాడు రిటైరైన బస్సు కండక్టరు నరసింహులు.

"గట్టు అంటే మోటుగా ఉంటాది. తీరం అనాల," అన్నాను నేను.

"తీరమా? మనమేమన్నా చాపలు పడతాండామా?"

అందరూ నవ్వారు. నేను మాత్రం పట్టు వదల్లేదు. మూలన కూర్చున్న గఫార్ భాయ్ ఒక్కమాటే అన్నాడు. "పేరు యేదో ఒగటి పెట్టుకోండి. గోడ అడగండి."

మా వీధికి కావలసింది అదే. గట్టు వెంబడి ఒక అడ్డుగోడ. ముఖ్యంగా చివరి నాలుగిళ్లకు. అందులో ఆఖరిది ఆయనది.

పేరు 'కుందూ తీరవాసుల సంక్షేమ సంఘం' అని ఖాయమైంది. రబ్బరు స్టాంపు చేసేవాడు అక్షరాలు ఎక్కువయ్యాయి, ఒక మాట తీసేయమన్నాడు. ఏ మాట తీయాలి? 'సంక్షేమ' నాకు ముద్దు. 'తీరవాసుల' అంతకంటే ముద్దు. కుందూ ఎక్కడికి పోతుంది, ఇక్కడే ఉంటుంది కదా అని దాన్ని తీయించాను. అలా మేము 'తీరవాసుల సంక్షేమ సంఘం, నంద్యాల' అయ్యాం.

ప్రతి ఆదివారం వాట్సాప్ గ్రూపులో 'సంఘం వార్తలు' రాసేవాణ్ణి. రెండు వీధి దీపాలు వెలిగితే 'చీకటిపై సమరం' అని రాశాను. చెత్త బండి ఏడింటికి బదులు ఆరున్నరకు వస్తే 'నవోదయం' అని రాశాను. ఇరవై మొక్కలు నాటాం, పంతొమ్మిదింటిని మేకలు తిన్నాయి. 'వన మహోత్సవం దిగ్విజయం' అని రాశాను. మిగిలిన ఒక్క వేపమొక్క చుట్టూ కంప పాతి, నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కుని వుజూ చేసుకోగా చెంబులో మిగిలిన నీళ్లు రోజూ దాని మొదట్లో పోసింది ఎవరో నేను రాయలేదు. అప్పటికి నాకు తెలియదు.

గోడ కోసం అర్జీ కూడా నేనే రాశాను. మూడు పేజీలు. 'ఉవ్వెత్తున ఎగసిపడే తరంగాల తాకిడికి తల్లడిల్లుతున్న తీరవాసులను ఆదుకొనవలసినదిగా' అని మొదలైంది. కింద స్టాంపు గట్టిగా గుద్దాను. ఆ కాగితం ఏయే బల్లల మీద పడుకుందో తెలియదు, పది నెలల తర్వాత కోస్తా వైపు ఒక ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. తుపాను జాగ్రత్తల కోసం వివరాలు నింపి పంపమని ఒక ఫారం.

నా భార్య సులోచన కళ్లద్దాలు పెట్టుకుని దాన్ని పైకి చదివింది. "సముద్రం ఎంత దూరమని అడుగుతాండారు."

"రెండు వందల కిలోమీటర్ల పైన ఉంటాదేమో."

"పడవలు ఎన్ని?"

నేను త్రాసు తుడవసాగాను.

"వలలు ఎన్ని?" అని చదివి, నా వైపు చూసింది. "దోమతెర ఒకటుండాది, రాయమంటావా? చిరిగిందని కూడా రాయి."

సరిగ్గా అప్పుడే గఫార్ భాయ్ కొట్టు మెట్లెక్కాడు. "గోడ సంగతి ఏమన్నా వచ్చిందంటనా శెట్టీ?"

చెప్పక తప్పలేదు. సులోచన ఫారం ఆయన చేతికిచ్చింది. ఆయన పడవల దగ్గర నవ్వడం మొదలుపెట్టి, వలల దగ్గరికి వచ్చేసరికి కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత ఫారం మడతపెట్టి జాగ్రత్తగా త్రాసు పక్కన పెట్టాడు.

"ఐతే ఈ వానలకు గోడ లేనట్టేనా?"

ఆయన నవ్వు ఆగిన చోట నా సిగ్గు మొదలైంది. నాలుగిళ్లవాళ్లు ఇంకో వానాకాలం గోడ లేకుండా ఉండాలి. ఒక్క మాట సొగసు కోసం. ఆయన పావుకిలో చక్కెర తీసుకుని వెళ్లిపోయాడు.

సెప్టెంబరులో నల్లమల మీద రెండు రోజులు ఆగకుండా వాన కురిసింది. మూడో రోజు పొద్దున నేను స్వామికి అష్టోత్తరం చదువుతున్నాను. కిటికీ దగ్గర గఫార్ భాయ్ గొంతు.

"శెట్టీ, ఆరు దాటింది. బేగా కిందోళ్లకు సెప్పాల, నాతో రా."

నేను ఒక చేత్తో గంట వాయిస్తూ రెండో చేత్తో 'వస్తా, పో' అని సైగ చేశాను. నూట ఎనిమిది నామాలకు ఇంకా డెబ్బై మిగిలి ఉన్నాయి. ఆ డెబ్బై నామాలూ పూర్తయ్యేలోపు సులోచన మీది గది ఊడ్చి, చాపలు పరిచి, పెద్ద గిన్నెలో అన్నం పొయ్యి మీద పెట్టింది. స్వామి ఆ పొద్దు ఎవరి పూజ అందుకున్నాడో నాకు అనుమానం లేదు.

గఫార్ భాయ్ గోవిందమ్మ ఇంటి ముందు నిలబడి, ఇన్నేళ్లలో ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచాడు. సుద్దముక్కతో రాసే రోజు కాదది. ఆమె ఉలిక్కిపడి లేచి, కూతుర్ని చంకనేసుకుని బయటికి వచ్చిందట. నరసింహులు నూరున్నీసా కుట్టుమిషను నెత్తిన పెట్టుకుని నడిచాడు. నేను కూడా ఊరికే లేను. కొట్లో ఉన్న సంఘం బీరువా తీసి, సంఘం రబ్బరు స్టాంపు జేబులో వేసుకుని పరుగెత్తుతూ, సందు మలుపులో జారి బురదలో కూర్చున్నాను. నన్ను లేపింది గఫార్ భాయే.

"స్టాంపు భద్రమేనా శెట్టీ?"

"భద్రమే."

"ఇంకేం. లెయ్యి."

ఆ పొద్దు నీళ్లు ఎనిమిదో గీత దాటి, తొమ్మిదికి జానెడు కింద ఆగాయి. చివరి నాలుగిళ్లవాళ్లంతా మా మీది గదిలో ఉన్నారు. ఎవరి ప్రాణానికీ ఏమీ కాలేదు. గఫార్ భాయ్ ఇంటి ఏటి వైపు గోడ మాత్రం పైనుంచి కింది దాకా బీట వారింది. ఇంకొక్కసారి ఇట్లా వస్తే ఆ ఇల్లు నిలవదని మేస్త్రీ చెప్పాడు. ఆ మాట విని నూరున్నీసా నా వైపు చూడలేదు. చూడకపోవడం కూడా ఒక దయే అని అప్పుడు తెలిసింది.

ఆయన ఇంట్లోంచి తెచ్చుకున్నది రెండు జతల బట్టలూ, పాలిథీన్ సంచిలో చుట్టిన పాత క్యాలెండర్ల కట్టా. పాపం, కంగారులో ఏది పడితే అది పట్టుకొచ్చాడు అనుకున్నాను. స్టాంపు తెచ్చినవాణ్ణి నేను, క్యాలెండర్లు తెచ్చినవాడి మీద జాలిపడ్డాను.

నెల తర్వాత, వరద కబురు విని ఆఫీసువాళ్లు పంపితే, సౌమ్య అనే ఇంజనీరమ్మ గట్టు చూడటానికి వచ్చింది. చిన్న వయసు, పెద్ద ఓపిక. గట్టంతా నడిచి మా కొట్టు ముందు ఆగింది.

"గోడ ఎంత ఎత్తు కావాలో లెక్కగట్టాలంటే నీళ్లు ఏ ఏడు ఎంత దాకా వచ్చాయో తెలియాలి సార్. మీ సంఘం దగ్గర ఏమైనా రాసిపెట్టారా?"

"రాసిపెట్టకపోవడమేంటమ్మా!" అని ఉత్సాహంగా సంఘం వార్తల ఫైలు తీసి ఇచ్చాను. ఆరేళ్ల ఆదివారాలు. ఆమె చాలాసేపు తిప్పింది. చీకటిపై సమరం ఉంది. నవోదయం ఉంది. ఒక్క అంకె లేదు.

"సార్, ఇందులో నీళ్ల గురించి..."

ఇంతలో సులోచనతో మాట్లాడుతున్న నూరున్నీసా కొంగు సర్దుకుని మెల్లగా అంది. "అమ్మా, మా ఇంట్లో క్యాలెండర్లు ఉండాయి. పనికొస్తాయేమో సూడు."

గఫార్ భాయ్ వీధంతా చెప్పి ఇల్లు చేరాక, చివరగా ఆమెకు చెప్పేవాడు. ఆమె పొయ్యి మీద టీ పెట్టి, ఆ రోజు తారీకు కింద పెన్సిల్‌తో అంకె వేసేది. తొమ్మిదేళ్లు. ఒక్క గడి ఖాళీ లేదు. వేసవి నెలల్లో వరసగా సున్నలే, చిన్న చిన్న ముత్యాల్లాగా. ఆయనకు జ్వరం వచ్చిన రోజుల్లో అంకె పక్కన చుక్క ఉంది. ఆ రోజుల్లో ఏటి దగ్గరికి ఆమె వెళ్లింది.

సౌమ్య బియ్యం బస్తా మీద కూర్చుని, పేజీ పేజీకీ ఫోటో తీసుకుంది. లేచేటప్పుడు గఫార్ భాయ్‌కు నమస్కారం పెట్టింది. నాకు ఫైలు తిరిగి ఇచ్చింది.

సంక్రాంతి వెళ్లిన పది రోజులకు గోడ మంజూరైందని కబురొచ్చింది. కొలతలు తీసి, సున్నంతో గట్టు పొడుగునా గీత వేశారు. గీత సరిగ్గా పాత వంతెన స్తంభం మీదుగా పోయింది. స్తంభం పగలగొట్టాలి, తప్పదు అన్నారు. నేను వాట్సాప్‌లో 'చిరకాల స్వప్నం సాకారం' అని రాశాను. అలవాటు ఎక్కడికి పోతుంది?

మర్నాడు పొద్దున్నే గఫార్ భాయ్ వచ్చాడు. "ఈ పొద్దు ఒకటి," అని చెప్పి, వెళ్లకుండా కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. ఇన్నేళ్లలో ఆయన తన కోసమని నన్ను ఏదీ అడగలేదు. నేను గంట కింద పెట్టి బయటికి వచ్చాను. నామాలు సగంలోనే ఉన్నాయి. స్వామి కోపగించుకోలేదు.

"శెట్టీ, ఒక పని సేసిపెడతావా?"

"సెప్పు భాయ్."

"గీతలు పోతాండాయి కదా. కొత్త గోడ మింద మళ్లా వెయ్యాల. ఆళ్లు యెవురితోనో మిషన్ పెట్టి యేపిస్తారంట. నన్నే యెయ్యనియ్యమని ఆ ఇంజనీరమ్మకు సంఘం తరపున ఒక కాగితం రాయి. దుడ్లేం వద్దు. రంగు కూడా నాదే."

"దానికేముంది, ఇప్పుడే రాస్తా," అని కాగితం, పెన్ను తెచ్చుకుని అరుగు మీద కూర్చున్నాను. మొదటి వాక్యం అప్పుడే మనసులో లయగా కదులుతోంది.

ఆయన నా మొహం చూసి, పక్కన కూర్చుని, పెన్ను మీద చెయ్యి వేశాడు.

"తీరం గీరం వద్దప్పా, నీకు పుణ్యముంటాది. గట్టు అని రాయి."