మర్ఫా ఉస్తాద్ మెచ్చిన రికార్డు

ఏ రాక్ రికార్డు వినాలె అని ఎవరన్న అడిగితే, పాతదైనా కొత్తదైనా, ముందుగాల డ్రమ్ము వినమంట. అది నాకు పెండ్లి బరాత్‌లల్ల మర్ఫా డప్పు వాయించే మా పక్కింటి ఉస్తాద్ నేర్పిండు.

అప్పుడు నేను కంచన్‌బాగ్‌ల కొలువు జేస్తున్న. జీతం రాంగనే ఒక రికార్డు కొని పాతబస్తీల మా గల్లీకి తెచ్చేటోన్ని. గిటారు వినుండ్రని కనబడ్డోళ్లందరి పానం తీసేటోన్ని. "ఏంది గీ లొల్లి, బంద్ జెయ్" అని ఎదురింటి పెద్దాయన కిటికీల నుంచి ఒర్రేటోడు. నాకు ఒళ్లు మండేది.

ఒక ఆదివారం నేను కొత్త రికార్డు పెట్టి వింటుంటే ఉస్తాద్ మా ఇంట్లకొచ్చి, "బేటా, గా రికార్డు మళ్ల పెట్టు" అన్నడు. నేను గిటారు గురించి మొదలువెడితే చెయ్యి అడ్డం పెట్టిండు. "గిటారుతోని నాకేం పని? డ్రమ్ము కొట్టేటోని చెయ్యి విను. వాడు మనోడే." పొద్దుగూకేదాక అదే పెట్టిచ్చుకొని, మోకాలి మీద కొట్టుకుంట దరువు పట్టిండు.

ఆ వారమే మా గల్లీల బరాత్ ఎల్లింది. ఉస్తాద్ గదే దరువు ఎత్తుకున్నడు. అందరికన్న ముందుగాల ఎదురింటి పెద్దాయనే దుంకి ఎగురవట్టిండు. "ఏం దరువు భాయ్, కొత్తదా?" అని నన్నే అడిగిండు.

"మీరు రోజు బంద్ జెయ్యమనేది గిదే" అన్న.

ఆయన ఎగురుడు మాత్రం బంద్ జెయ్యలే.