నూట పద్దెనిమిదో క్యాసెట్టులో మూడు మీటర్లు

1983లో నేను దుబాయ్ పక్కన అజ్మాన్‌లో ఒక వీడియో లైబ్రరీలో మెకానిక్‌గా ఉండేవాణ్ని. పేరుకు మెకానిక్కే గానీ షట్టర్ ఎత్తేదీ నేనే, ఊడ్చేదీ నేనే, క్యాసెట్లు ఇచ్చి పుచ్చుకునేదీ నేనే. దుకాణం యజమానిని అర్బాబ్ అనేవాళ్లం. నా వీసా కూడా ఆయన పేరు మీదే ఉండేది. నెలకోసారి వచ్చి పాలు లేని టీ తాగి, అరలు చూసి వెళ్లేవాడు. మెట్‌పల్లిలో రేడియోలు విప్పిన చేయి కనుక వీసీఆర్ లోపలి సంగతులు నాకు తొందరగానే పట్టుబడ్డాయి.

నాకు కుదురు తక్కువ. కాలుకాలిన పిల్లిలా తిరుగుతాడని మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ తిట్టేవాళ్లు. ఆ దుకాణంలో వేల క్యాసెట్లు నా చేతుల మీదుగా వెళ్లాయి గానీ ఒక్కటి కూడా మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చూసిన పాపాన పోలేదు. ఈ సంగతి ముందే చెబుతున్నాను, ఎందుకంటే జరిగినదానికి మూలం అదే.

నా పనులు రెండు. మొదటిది, కొత్తగా వచ్చిన క్యాసెట్టును అరలో పెట్టే ముందు చూడటం. లండన్‌లో టీవీ నుంచి రికార్డు చేసినవి ఎవరో ఒకరి సామానులో వచ్చేవి. ముద్దులు, మందు సీసాలు, పందులు కనబడితే తీసేయాలి. నేను శబ్దం ఆపేసి, బొమ్మను ఫాస్ట్ ఫార్వర్డ్‌లో పరిగెత్తించి చూసేవాణ్ని. ముద్దు లేదు, సీసా లేదు, ఖలాస్. అరగంట కార్యక్రమం నాకు నాలుగు నిమిషాల పని.

రెండోది రిపేరు. వీసీఆర్ లోపల గుండ్రంగా తిరిగే డ్రమ్ ఒకటి ఉంటుంది. దాని అంచున ఉండే హెడ్ టేపును రాసుకుంటూ బొమ్మను చదువుతుంది. పాజ్ నొక్కితే టేపు ఆగుతుంది గానీ డ్రమ్ ఆగదు. ఆగిన చోటే గీకుతూ ఉంటుంది. ఒకే చోట పదేపదే వెనక్కి తిప్పి, ఆపి చూస్తే అక్కడి పూత లేచిపోతుంది. తెర మీద బొమ్మకు బదులు తెల్లటి చుక్కలు పడతాయి. లేచిన పూత హెడ్‌కు అంటుకుని తర్వాత వేసే క్యాసెట్లను కూడా పాడుచేస్తుంది. అందుకని అరిగిన ముక్కను కత్తిరించి, రెండు కొసలూ సన్నటి అంటు టేపుతో అతికేవాళ్లం. దీన్ని స్ప్లైస్ అంటారు. ఏ క్యాసెట్టు ఎక్కడ అరిగిందో చూస్తే జనానికి ఏది ఇష్టమో తెలిసిపోయేది. మన సినిమాలైతే డాన్సుల దగ్గర.

నూట పద్దెనిమిదో నంబరు క్యాసెట్టు మాత్రం డాన్సుల దగ్గర అరగలేదు. అసలందులో డాన్సు లేదు. అదొక అమెరికా కామెడీ. చిన్న ఊళ్లో మంగలి దుకాణం, భార్య పోయిన మంగలి, వచ్చేపోయేవాళ్లతో అతని తగాదాలు. మాట మాటకీ వెనక జనం నవ్విన చప్పుడు వస్తుంది. ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు ఇంగ్లీషు అలవాటు కావాలని ఇలాంటివి తీసుకెళ్లేవారు.

దాన్ని ఎక్కువసార్లు తీసుకెళ్లింది సుధాకర్. కాకినాడ వైపు కుర్రాడు, ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. షార్జాలో ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్, అంటే కట్టబోయే భవనాలకు గీతలు గీసేవాడు. అజ్మాన్‌లో అద్దె తక్కువని మరో ముగ్గురితో ఒక గదిలో ఉండేవాడు. వాళ్లు డ్యూటీలో ఉన్న పూటే క్యాసెట్టు కోసం వచ్చేవాడని నాకు తర్వాత తెలిసింది.

"ఏంది సారూ, ఈ మంగలాయన మీకు చుట్టమా? మల్లా గిదే తీస్కపోతున్నరు" అని ఒకసారి వేళాకోళం చేశాను.

"నవ్వొస్తుందండి" అన్నాడతను. ఆ ముఖంలో నవ్వేమీ లేదు.

కొన్నాళ్లకు వేరే గిరాకీ ఆ క్యాసెట్టు తెచ్చి బల్ల మీద విసిరినంత పని చేశాడు. అతని వీసీఆర్ హెడ్ పూడుకుపోయిందట. విప్పి చూశాను. సుమారు మూడు మీటర్ల మేర టేపు నలిగి, వెలిసి ఉంది. ఆడితే రెండు నిమిషాలు. కత్తెర తీసుకున్నాను, కోశాను, అతికాను. ఎంత నున్నగా అతికానంటే చేత్తో తడిమినా తెలియదు. ఆ పూట నా పనికి నేనే మురిసిపోయాను. కోసిన ముక్కలు పారేసే అలవాటు మాకు లేదు. వాటిని ఒక ఖాళీ చక్రానికి చుట్టి డబ్బాలో వేసేవాళ్లం, ఎప్పుడైనా తెగిన టేపు మొదటి కొసకు అతకడానికి పనికొస్తాయని.

ఆ గురువారం మధ్యాహ్నం సుధాకర్ వచ్చి నూట పద్దెనిమిది తీసుకెళ్లాడు. గంట తిరక్కుండానే చెమటతో తిరిగొచ్చాడు.

"లింగయ్య గారూ, ఇందులో కొంచెం ముక్క లేదండి."

"నేనే తీసిన సారూ. ఖరాబైంది. ఇంక మీ మిషన్‌కు ఏం కాదు" అన్నాను, మెచ్చుకుంటాడేమో అన్నట్టు.

అతను స్టూలు మీద కూలబడ్డాడు. నాతో కాదు, బల్లతో చెప్పినట్టు చెప్పాడు. "రేపు మా అన్నయ్య రువైస్ నుంచి వస్తున్నాడండి. ఆదివారం నాకు టికెట్టు తీశాడు. ఇంటి దగ్గర పెళ్లి కుదిర్చారు. ఆ క్యాసెట్టు ఒక్కసారి చూపించేద్దాం అనుకున్నాను. నా నోటితో చెప్పలేను. ఆ క్యాసెట్టులోవాడి నోటితో చెప్పిద్దాం అనుకున్నాను."

"ఏం చెప్పాలె?"

"వదిలెయ్యండి" అని క్యాసెట్టు బల్ల మీదే వదిలి లేచి వెళ్లిపోయాడు.

నాకు స్థిమితం లేదు. గిరాకీలు ఏదో అడుగుతున్నారు, నేను ఇంకేదో ఇస్తున్నాను. చీకటి పడకముందే డబ్బా బోర్లించి ఆ ముక్కను వెతికి, ఒక ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించి ఆడించాను. బొమ్మ పోయింది. తెర నిండా చుక్కలు. కానీ మాట బతికే ఉంది. వీసీఆర్‌లో శబ్దం టేపు అంచున వేరే గీతలో ఉంటుంది, దాన్ని చదివే హెడ్ వేరు. పాజ్ పెట్టినా అది గీకదు. ఇంతకాలం శబ్దం ఆపి చూసిన నేను మొదటిసారి బొమ్మ లేకుండా విన్నాను. గిరాకీలతో నేర్చుకున్న ఇంగ్లీషు అందుకు సరిపోయింది.

మంగలి దగ్గరికి పాత స్నేహితుడు పెళ్లికి ముందు క్షవరం చేయించుకోవడానికి వస్తాడు. సగం తల అయింది. అప్పుడంటాడు, ఈ పెళ్లి చేసుకోలేను, ఆమెలో ఏ లోపమూ లేదు, నేను ప్రేమించింది ఒక మగవాణ్ని, ఆరేళ్లుగా, అని. అంతవరకూ ప్రతి మాటకీ నవ్విన జనం గప్‌చుప్. కత్తెర చప్పుడు కూడా ఆగిపోయింది. ఇది విన్నాక నా తల మీద చెయ్యి వెయ్యగలవా, ఇంకో మంగలిని చూసుకోనా, అని అడుగుతాడు. అక్కడితో నా ముక్క అయిపోయింది.

గొప్పవాణ్నని చెప్పుకోను. నాకు ముందు కలిగింది భయం. ఇలాంటిది నేను పాస్ చేశానని అర్బాబ్‌కు తెలిస్తే నా వీసా సంగతేమిటి? ఆ కుర్రాడి సంగతి నలుగురికీ తెలిస్తే అతని ఉద్యోగం పోతుంది, జైలు కూడా కావచ్చు. ఆ రోజుల్లో దానికి మా మాటల్లో తిట్లు తప్ప పేరు లేదు. ఆ తిట్లు నేనూ తిట్టినవాణ్నే. చుట్టూ మనుషులున్న గదిలో ఒక ఒంటరివాడు ఆ రెండు నిమిషాలను టేపు అరిగేదాకా విన్నాడు. నేను దాన్ని కత్తిరించి చక్రానికి చుట్టాను. సిగ్గేసింది. ఆ ముక్కను దాని చోట అతికి పెట్టాను.

శుక్రవారం పొద్దున్నే అతని గదికి వెళ్లి బయటికి పిలిచాను.

"ముక్క అతికిచ్చిన సారూ. బొమ్మ రాదు, మాట వస్తది. దుకాణం జుమ్మా నమాజ్ అయ్యేదాక మూసే ఉంటది. మీ అన్నను తోల్కరండి. నేను దర్వాజ కాడ కూసుంట."

అతను నా ముఖంలోకి చూశాడు. "మీరు విన్నారా?"

"విన్న" అని సిగరెట్టు ముట్టించాను.

అన్న పేరు సూర్యారావు. రువైస్ రిఫైనరీలో వెల్డింగ్ ఫోర్‌మన్. భారీ మనిషి, గొంతు కూడా భారీగానే ఉండేది. తండ్రి లేని ఇంట్లో తమ్ముణ్ని చదివించి ఇక్కడికి తెచ్చింది ఆయనే. షట్టర్ సగం దించి, వీసీఆర్ నడిపేందుకు నేనూ లోపలే కూర్చున్నాను. మొదట్లో మంగలి తగాదాలకు ఆయన తొడ చరుచుకుని నవ్వాడు. "పిల్లకి కూడా ఇంగ్లీషు వచ్చురా, టీచరు ట్రైనింగు చేసింది" అంటూ మధ్యమధ్య పెళ్లి కబుర్లు చెప్పాడు.

చుక్కలు పడ్డాయి.

"ఇదేంటి, పోయింది. ముందుకు తిప్పవయ్యా" అన్నాడు సూర్యారావు. గిరాకీ అలా అనగానే బటన్ మీదకు వెళ్లడం నా చేతికి అలవాటు. వెళ్లింది కూడా.

"తిప్పకండి" అన్నాడు సుధాకర్.

చుక్కల్లోంచి మాటలు వస్తున్నాయి. "ఏమంటున్నాడు?" అని ఆయన నన్ను అడిగాడు. సుధాకరే చెప్పడం మొదలుపెట్టాడు, ఒక్కో మాటా, పాఠం అప్పజెప్పినట్టు. ఆమెలో లోపం లేదంటున్నాడు. తను ప్రేమించింది మగవాణ్నట. తన తల మీద చెయ్యి వెయ్యగలవా అని అడుగుతున్నాడు.

బొమ్మ తిరిగొచ్చింది. క్యాసెట్టులో ఆ స్నేహితుడి మాట అయిపోయింది. సుధాకర్ మాత్రం ఆపలేదు.

"నేనూ అంతే అన్నయ్యా. చిన్నప్పటి నుంచీ అంతే. ఆదివారం వెళ్తే తాళి కట్టేస్తాను, నువ్వు చెప్పావని. కట్టాక ఆ పిల్ల బతుకంతా నా మొహం చూస్తూ కూర్చోవాలి, తనేం తప్పు చేసిందా అని. నేను వెళ్లలేను."

తెర మీద మంగలి కత్తెర తీసి, "తల వంచు, ఇంకో పక్క మిగిలింది" అన్నాడు. అది మాత్రం ఎవరూ తెలుగులో చెప్పలేదు.

సూర్యారావు లేచి షట్టర్ ఎత్తాడు. ఎండ లోపలికి పడింది. కంపెనీ పికప్ ఎక్కి వెళ్లిపోయాడు. సుధాకర్ ఆదివారం విమానం ఎక్కలేదు.

తర్వాతి నెల నేను పడ్డ యాతన చెప్పలేను. అరబ్బులు వేసుకునే పొడుగాటి తెల్ల కందూరా తొడుక్కున్న మనిషి ఎవరు గుమ్మంలోకి వచ్చినా బల్ల వెనక్కి తప్పుకునేవాణ్ని. ఆ అన్న ఎవరికైనా చెప్పాడా? నా పేరు చెప్పాడా? సుధాకర్ క్యాసెట్లకు రావడం మానేశాడు. ఒకసారి బస్సు దగ్గర కనబడి, "మా అన్నయ్య ఉత్తరం రాయట్లేదండి" అన్నాడు. అతని కాలరు వదులైపోయి ఉంది, అంత చిక్కాడు.

ఒక శుక్రవారం జుమ్మా అయ్యాక దుకాణం తెరుస్తుంటే సూర్యారావు ఒక్కడే వచ్చి నిలబడ్డాడు.

"ఆ మంగలి క్యాసెట్టు ఉందా?"

"ఉన్నది సారూ. బొమ్మ సక్కగ రాదు."

"బొమ్మతో పనిలేదు. ఆ రోజు సరిగ్గా వినలేదు నేను."

వేశాను. చుక్కలు వచ్చిన చోట ముందుకు వంగి విన్నాడు. వెనక్కి తిప్పమన్నాడు. మళ్లీ విన్నాడు. మూడోసారి బొమ్మ తిరిగొచ్చాక, "ఆ మంగలి ఏమన్నాడు?" అని అడిగాడు.

"తల వంచు, ఇంకో పక్క మిగిలింది అన్నడు."

"అంతేనా?"

"అంతే సారూ. కటింగ్ పూర్తి చేసిండు."

ఆయన ఆపమని సైగ చేశాడు. "నాకేం అర్థం కాలేదయ్యా" అన్నాడు చివరికి. "రాత్రుళ్లు ఆలోచించినా అర్థం కాలేదు. ఆ పిల్ల వాళ్లకి మాత్రం రాసేశాను, మావాడికి ఇష్టం లేదని. అంతవరకే రాశాను." లేచి జేబురుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. "వాడు అన్నం సరిగ్గా తింటున్నాడా?"

"తింటలేడు" అన్నాను.

"ఇవాళ గదిలో ఉంటాడా?"

"ఉంటడు సారూ."

ఆయన పికప్ అక్కడే వదిలేసి, ఆ ఎండలో తమ్ముడి గది వైపు నడిచి వెళ్లాడు.

ఆ దుకాణంలో ఇంకో ఐదేళ్లు పనిచేశాను. కుదురు రాలేదు గానీ, వినకుండా ఏ టేపునూ కోయలేదు. సూర్యారావు సెలవు దొరికిన నెలల్లో తమ్ముడి కోసం వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఇద్దరూ కలిసే దుకాణానికి వచ్చి ఏదో ఒక క్యాసెట్టు తీసుకెళ్లేవాళ్లు. నూట పద్దెనిమిది గిరాకీలకు ఇవ్వడం నేను మానేశాను. అరలో వెనక వరసలో, వాళ్లు అడిగితే ఇవ్వడానికి ఉంచాను.