వినపడలేదని చెప్పు, లేరని చెప్పకు

నా చిన్నప్పుడు, మునుగోడు వైపు మా ఊళ్లో, రేడియోలు బాగుచేసే ఒక చాచా ఉండేవాడు. ఆయన దుకాణం మా ఇంటి గోడను ఆనుకునే ఉండేది. నలభై ఏళ్లకే నడుము వంగి, మెడ బిగుసుకుపోయి, నేలను చూస్తూ నడిచేవాడు. మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. పిల్లల పళ్లు గారపట్టేవి, పెద్దవాళ్ల ఎముకలు వంగిపోయేవి. తాగడానికి మాకు వేరే నీళ్లు లేవు.

నేను ఐదో తరగతిలో ఉండగా మా సారు ఒక సంగతి చెప్పాడు. పై లోకాల్లో తెలివైన వాళ్లెవరైనా ఉన్నారేమోనని శాస్త్రవేత్తలు పెద్ద పెద్ద యంత్రాలు పెట్టి ఏళ్లుగా వింటున్నారట. ఇంతవరకు ఒక్క పలుకూ వినపడలేదట. అంటే ఎవరూ లేరన్నమాట, అని సారు పుస్తకం మూసేశాడు. నాకెందుకో దిగులేసింది. బడి నుంచి నేరుగా చాచా దగ్గరికి వెళ్లి, నిజమేనా అని అడిగాను.

ఆయన తన ముందున్న రేడియో పెట్టి, ముల్లును ఒకచోట నిలిపాడు. గరగరమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎవరన్నా ఉన్నారా అని అడిగితే లేరన్నాను. ముల్లు కదపకుండానే పక్కనున్న మీట ఒకటి తిప్పి, కిటికీకి వేలాడే తీగను సెట్టుకు తగిలించాడు. నాకు తెలియని భాషలో ఎవరో మాట్లాడుతున్నారు.

“ఇంతసేపు గాయన మాట్లాడుతనే ఉన్నడు బిడ్డా. మనమే ఇనలే” అన్నాడు.

నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు.

ఆ నెలలోనే మంచినీళ్ల సంగతి చూడటానికి ఒక అధికారి జీపులో మా ఊరికి వచ్చాడు. మంచినీళ్లు కావాలని అంతకు ముందు మూడేళ్లుగా అర్జీలు పోతూనే ఉన్నాయి. రాసేది చాచా. ఊరంతా తిరిగి వేలిముద్రలు వేయించుకునేదీ ఆయనే. అధికారి ఫైలు తిరగేసి, “ఈ ఊరి నుంచి మాకు ఒక్క దరఖాస్తూ రాలేదు. నిజంగా అంత కష్టం ఉంటే రాసేవారు కదా” అన్నాడు.

అందరూ గుసగుసలు పోయారు. చాచా కర్ర ఊతగా ముందుకు వెళ్లాడు.

“సార్, మీ మొఖం సూద్దామంటే నా మెడ లేస్తలేదు. జర మీరే వంగి సూడున్రి.”

అధికారి గడియారం చూసుకున్నాడు. జీపు వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం చాచా దుకాణం తెరవలేదు. అరుగు మీద కూర్చుని ఉంటే పక్కన చేరాను. తనే అన్నాడు. “మీ సారు జెప్పిన సంగతే యాదికొస్తాంది. పొద్దుగాల జీపెక్కితే పగటాల్లకు వచ్చే దూరంల ఉన్నం. మనమే ఉన్నట్టు వీళ్లకు తెల్వదాయె. గా చుక్కల కాడ ఉన్నోళ్ల సంగతి ఏం తెలుస్తది?” మళ్లీ, “లేకుంటే వాళ్లు గూడ మనలెక్కనే మంచిదనుకొని ఓ బోరేసుకున్నరేమో. పిలిసేలోపే వంగిపోయిండ్రేమో” అన్నాడు.

పదేళ్ల పిల్లకు చెప్పాల్సిన మాట కాదది. ఆయనకు ఇంకెవరూ దొరకలేదు.

రెండేళ్లకు చాచా పోయాడు. ఖననానికి వెళ్లొచ్చిన మా నాయిన ఆ రోజు అన్నం ముట్టలేదు. ఎంత ప్రయత్నించినా ఒళ్లు నిటారుగా రాలేదనీ, వంగిన మనిషికి సరిపడా గొయ్యి మళ్లీ వెడల్పు చేయాల్సి వచ్చిందనీ మా అవ్వతో చెబుతుంటే విన్నాను. మా ఊరికి మంచినీళ్లు వచ్చేసరికి అర్జీల మీద వేలిముద్రలు వేసిన వాళ్లలో సగం మంది లేరు.

నాకిప్పుడు యాభై దాటాయి. పొద్దున లేస్తే మెడ తిప్పడానికి కాసేపు పడుతుంది. నేను తాగిందీ ఆ నీళ్లే. ఆకాశంలో ఇంకా ఎవరి జాడా దొరకలేదని పేపర్లో అప్పుడప్పుడు రాస్తుంటారు. ఎవరూ లేరట, అని ఇంట్లో పిల్లలు తేలిగ్గా అనేస్తే ఊరుకోలేను. వినపడలేదని చెప్పండి, లేరని చెప్పకండి అంటాను. వాళ్లకు నేను గట్టిగా నేర్పింది అదొక్కటే. ఆ జీపులో వచ్చినాయనను క్షమించడం మాత్రం చాచా నాకు నేర్పలేదు, నేనూ నేర్చుకోలేదు.