చెప్పులు నిలబడ్డ లైను

నా చిన్నప్పుడు మా దిక్కున లైనులో మనుషులే నిలబడాలన్న నియమం లేదు. గాసునూనె, అదే కిరోసిన్ కోసం పొద్దున్నే రేషన్ దుకాణానికి పోతే అక్కడ డబ్బాలు, ఇటుకముక్కలు, గుండ్రాళ్లు, తెగిన చెప్పులు వరుసగా కొలువుదీరి ఉండేవి. వాటిని పెట్టినవాళ్లు ఇంటికి పోయి వంట చేసుకునేవాళ్లు. ఎవరి రాయినీ ఎవరూ జరిపేవాళ్లు కాదు. రాయి ఉన్నదంటే మనిషి ఉన్నట్టే. బడిలో హాజరు కూడా ఇట్లాగే తీసుకుంటే ఎంత బాగుండేదో. నా జాగాలో ఒక ఇటుకను కూర్చోబెట్టి వచ్చేదాన్ని. ఆరో తరగతిలో నేను చదువు మానేసినా ఇటుకైనా పై తరగతికి పోయేది.

మా మేనత్తది హుజూరాబాద్. ఎండాకాలం సెలవుల్లో నన్ను ఆమె దగ్గరికి పంపేవాళ్లు. అత్త మీద ప్రేమతో కాదు, నా నోటి నుంచి ఊరికి కొన్నాళ్లు సెలవు దొరకాలని పంపేవాళ్లమని మా అవ్వ, అదే మా అమ్మ, అందరితో చెప్పేది. అప్పటికి మా దగ్గర టీవీలు లేవు. ఆ ఎండాకాలం ధాన్యం అమ్మే గంజు పక్కన ఖాళీ జాగాలో ఒక నాటక కంపెనీ చుట్టూ రేకులు పాతి డేరా వేసింది. పద్యాల నాటకం. హార్మోనియం, తబలా, మెరుపుల కిరీటాలు, తాళ్లతో ఆకాశం నుంచి దిగే దేవతలు. ఊరంతా ఆ పాటలే. మంగలాయన సగం గడ్డం గీసి రాగం అందుకునేవాడట. రాగం ముగిసేదాకా ఆ రెండో చెంప నురుగుతోనే ఎదురుచూడాలి.

మా అత్తకు ఆ నాటకమంటే ప్రాణం. కానీ మంచంలో ఉన్న అత్తగారిని వదిలి కదిలే వీలు లేక రోజూ రేపు, రేపు అనుకుంటూ ఆఖరి రోజుదాకా వచ్చింది. పల్లెల నుంచి వచ్చేవాళ్లకు బస్సులు అందాలని ఆ రోజు పగటిపూటే ఆట పెట్టారు. కుర్చీలన్నీ పెద్దమనుషులు ముందే చెప్పి పెట్టుకున్నారు. మిగిలిన నేల టికెట్లు ఆట మొదలయ్యే ముందు ఇస్తారని తెలిసి అత్త తన ఆడబిడ్డను ఇంట్లో కూర్చోబెట్టి, నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. నేను సన్నగా ఉండేదాన్ని కాబట్టి ఒళ్లో పిల్ల కింద చెల్లిపోతానని ఆమె లెక్క. ఇద్దరికీ ఒక్క టికెట్ దొరికితే చాలు.

ఆడవాళ్ల లైను రేకుల వెంట పాములా మెలి తిరిగి ఉంది. నెత్తి మీద కొంగులు, చేతుల్లో చంటిపిల్లలు, మధ్యమధ్య అలవాటు ప్రకారం రాళ్లు, చెంబులు. మాకు ముందు ఒక జత చెప్పులున్నాయి. ఆడవాళ్లవి కాదు. మగవాళ్లు తొడిగే పెద్ద తోలు చెప్పులు, ఆముదం పట్టి పట్టి నల్లబడ్డవి. వాటికి ముందు ఒక ముసలామె. లైను ఒక్క అడుగు జరిగినప్పుడల్లా ఆమె వెనక్కి తిరిగి, వంగి, రెండు చేతులతో ఆ చెప్పులను ముందుకు జరిపేది. కాలితో తోసేది కాదు. నిద్రపోయే పిల్లాణ్ని పక్కకు జరిపినట్టు జరిపి, రెండూ సమానంగా ఉన్నాయో లేదో చూసి, మళ్లీ ముందుకు తిరిగేది.

నా నోరు ఊరుకుంటుందా?

"అత్తా, గీ చెప్పులకు కాళ్లు నొస్తలేవా? జర కూసోమనరాదు," అన్నాను గట్టిగా.

నా మాటకు జనం నవ్వడం నాకు అలవాటు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. వెనకాల ఉన్న ఒకామె కొంగుతో నోరు మూసుకుని అటు తిరిగింది. ముసలామె మాత్రం వెనక్కి చూసి, "గంతే బిడ్డా, వాడు కూసోడు. వానికి తొందరెక్కువ," అంది, నేనడిగినదాంట్లో వింతేమీ లేనట్టు.

అత్త నా జబ్బ పట్టుకుని కాస్త వెనక్కి లాగి, చెవిలో చెప్పింది. పోయిన ఎండాకాలం కూడా ఇదే కంపెనీ వచ్చింది. ముసలామెకు ఒక్కడే కొడుకు. బావులు తవ్వే పనికి పోయేవాడు. పద్యాలంటే పిచ్చి. ఆఖరి ఆట నాడు, అవ్వా నువ్వు పోయి లైన్ల నిలవడు, నేను బాయి పని చూసుకొని వస్త అని చెప్పి పోయాడు. ఆమె వచ్చి నిలబడింది. తన వంతు వచ్చినప్పుడు పక్కకు జరిగి వెనకామెను పొమ్మంది. ఆ వెనకామెను కూడా పొమ్మంది. కొడుకు రాలేదు. మనుషులొచ్చి, మట్టిపెళ్ల విరిగిపడిందని ఆమెకు ఆ లైనులోనే చెప్పారు. బావిలో దిగేవాళ్లు చెప్పులు గట్టు మీద విడిచి దిగుతారు కదా. ఆ చెప్పులే ఇవి.

"అందరికీ ఎరుకే. నువ్వేం మాట్లాడకు," అంది అత్త.

మాట్లాడకుండా ఉండడం ఎట్లాగో నాకు అంతవరకు తెలియదు. ఆ చెప్పుల వైపు చూడకుండా ఉండాలని చూశాను. కుదరలేదు. లైను జరిగేది, అవి జరిగేవి. ఎండలో అందరికీ నీడలు పడుతున్నాయి. చెప్పుల పైన మనిషి పొడుగునా ఖాళీగా ఉన్న చోటును నేను పైనుంచి కిందికి చూశాను. ఇప్పటికీ ఒట్టేసి చెప్పగలను, ఆ ఖాళీ మిగతా ఖాళీలాగా లేదు. గాలి కొడితే ఎదుటామె కొంగు ఎగిరి ఆ చోటు దాకా వచ్చి పడిపోయేది. వెనక నుంచి ఎవరూ అటు తోసుకురాలేదు. తోపులాటకు పేరుపడ్డ లైను అది.

రేకులో కోసిన కిటికీ దగ్గరికి వచ్చేసరికి లోపల హార్మోనియం సవరించుకుంటున్న చప్పుడు మొదలైంది. కిటికీలో ఉన్నాయన కంపెనీ మనిషి, కోస్తా వైపు మాట. ముసలామెకు ఒక టికెట్ ఇచ్చాడు. ఆమె పక్కకు జరిగి, చెప్పులను కిటికీ ముందు పెట్టి, "వీనికొకటి," అంది.

ఆయన తల బయటికి పెట్టి కిందికి చూశాడు. "మనిషేడమ్మా?"

"వస్తడు. మీరియ్యిండ్రి."

"ఒక మనిషికి ఒకటే టికెట్. ఎక్కువిస్తే బయట బ్లాకులో అమ్ముతున్నారు. చెప్పులకి టికెట్ ఇచ్చానంటే ఆ చెప్పుతోనే కొడతాడు మా ఓనరు. అయినా ఇక ఒక్కటే ఉంది. వెనకాల ఎవరు, రండి."

వెనకాల ఉన్నది మేమే.

మా అత్త తన టికెట్ తీసుకుని ముసలామెకు ఇచ్చేస్తే సరిపోయేది కదా అని మీకు అనిపించవచ్చు. నాకూ అప్పుడు అట్లాగే అనిపించింది. కానీ తీసుకోవాలంటే అత్త ఆ చెప్పులను దాటి కిటికీ దగ్గరికి పోవాలి. దాటితే ఆ కొడుకు లైనులో లేడని ఊరందరి ముందు తేల్చినట్టే. ముసలామె కూడా చెప్పులు తీయలేదు. కిటికీ వైపు కాదు, మా అత్త కాళ్ల వైపు చూస్తూ నిలబడింది. ఆ పాదం లేస్తుందా లేదా అని.

"ఏమే, లోపల ఆట షురువైతున్నది. ముందుకు పోరాదూ," అని లైను చివరి నుంచి ఎవరో అరిచారు. దూరంలో ఉన్నవాళ్లు కదా, ఏం జరుగుతున్నదో కనిపించి ఉండదు.

అత్త పాదం లేవలేదు. నా వీపు మీద చెయ్యి వేసి, చాలా మామూలుగా, ఉప్పు అందుకొమ్మన్నట్టు చెప్పింది. "పోరీ, గా చెప్పులల్ల కాళ్లు వెట్టి నిలవడు."

నేను నిలబడ్డాను. చెప్పులు వెచ్చగా ఉన్నాయి, అప్పుడే ఎవరో విడిచి పోయినంత వెచ్చగా. ఎండకే వేడెక్కి ఉంటాయి, ఆ మాత్రం నాకు తెలుసు. కానీ తోలులో ఆ కొడుకు మడమ పడ్డ గుంట, వేళ్లు ఒత్తుకున్న గుంటలు నా పాదాల చుట్టూ ఖాళీగా మిగిలిపోయి, ఆ ఖాళీల్లోకి మెల్లగా ఎవరో కాళ్లు దూరుస్తున్నట్టు అనిపించింది. దిగిపోదామనుకున్నాను. అత్త చెయ్యి వీపు మీద నుంచి తీయలేదు.

"అగో, మనిషొచ్చింది. ఇయ్యిండ్రి," అంది అత్త కిటికీలోకి.

ఆయన నన్ను చూశాడు, ముసలామెను చూశాడు, అత్తను చూశాడు. ఉన్న ఆ ఒక్క టికెట్టూ చింపి నా చేతికిచ్చి కిటికీ మూసేశాడు. లైనంతా ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. అత్త నా వైపు వంగి, "ఆమె పక్కన కూసో. నేనీడనే ఉంట. చెవులకు రేకులు అడ్డం గావు, వింట తియ్యి," అంది. పద్యాల కోసం అన్ని రోజులు కలలుగన్న మనిషి, పల్లీలు వద్దన్నంత తేలిగ్గా అంది.

లోపల చాపల మీద ముసలామె నన్ను తనకు ఆనించి కూర్చోబెట్టుకుంది. చెప్పులను నా ముందు పెట్టింది. తెర లేచింది. రాజు వేషం కట్టినాయన గొంతెత్తాడు. జనం వన్స్ మోర్, వన్స్ మోర్ అని కేకలు వేస్తున్నారు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. అప్పుడు నా చెవి దగ్గర మెల్లగా వినిపించింది.

"ఏమ్‌రా, మంచిగ అవుపడుతుందా?"

పక్కన ఏ పిల్లాడైనా ఉన్నాడేమో అని చూశాను. ఎవరూ లేరు. ఆమె కళ్లు స్టేజీ మీదనే ఉన్నాయి.

"గింత ఆలస్యమేందిరా? నేను పరేషానైన. ఎప్పుడొచ్చినవ్?"

నేను ఎన్నడూ తడుముకోని దాన్ని. అడిగిన మాటకు అక్కడికక్కడే మూడు జవాబులు చెప్పగల దాన్ని. కాదవ్వా నేను ఆడపిల్లను అని అనవచ్చు. అనలేదు. అప్పుడే నాకు ఒక సంగతి తట్టింది, బడిలో ఎవరూ చెప్పని సంగతి. మన మాటలో 'నేను' అనేదానికి ఆడా మగా లేదు. వచ్చిన, తిన్న, పోత. ఎవరన్నా ఒక్కటే.

"ఇప్పుడే వచ్చిన అవ్వా," అన్నాను.

"తిన్నవారా?"

"తిన్న."

ఆమె చెయ్యి నా వెంట్రుకల్లోకి వచ్చింది. రెండు జడలు తగిలే ఉంటాయి. ఆగలేదు. స్టేజీ మీద ఎవరో ఏడుస్తూ పాడుతున్నారు. చుట్టూ ఆడవాళ్లు ముక్కులు చీదుతున్నారు.

"బాయి పని అయిపోయిందా?"

"అయిపోయింది."

"ఇగ అండ్ల దిగకురా."

"దిగనే అవ్వా."

ఆ తర్వాత ఆమె నా తలను తన భుజానికి ఆనించుకుని ఆటంతా చూసింది. నేను మాత్రం ఒక్క వేషమూ చూడలేదు. దేవతలు తాళ్లతో దిగినప్పుడు జనం చప్పట్లు కొట్టారని గుర్తు, దేవతలు గుర్తులేరు. నా ముందున్న చెప్పుల మీదనే చూపు. ఆ మాటలు నేనే అన్నానా, నా నోటితో ఇంకెవరైనా అన్నారా అని నాలోపల నేనే తడుముకుంటూ కూర్చున్నాను. ఆమెకు మతి చలించిందని, నన్నిక విడిచిపెట్టదని భయం వేసింది. విడిచిపెడితే ఆ కొడుకు ఎటు పోతాడని అంతకంటే ఎక్కువ భయం వేసింది.

ఆట అయిపోయింది. జనం లేచారు. ముసలామె చెప్పులను తీసి దుమ్ము దులిపి చంకలో పెట్టుకుంది. నా చెదిరిన జడను చూసి, నిదానంగా విప్పి, మళ్లీ గట్టిగా అల్లింది. ఆడపిల్లల జడ అల్లడం బాగా తెలిసిన చేతులు. అల్లి, నా మొహాన్ని తన వైపు తిప్పుకుంది.

"ఇగ పోవే బిడ్డా. మీ అత్త ఎదురుసూస్తుంటది," అంది.

ఒక్క అక్షరం. 'రా' పోయి 'వే' వచ్చింది. ఆమెకు మొదటి నుంచీ అంతా తెలుసు. తెలిసే అడిగింది, నేను చెబితే తెలిసే విన్నది. వెనక్కి చూడకుండా గుంపులో కలిసిపోయింది.

బయట అత్త రేకులకు వీపు ఆనించి నిలబడి ఉంది. ఏమేం పాడిండ్రే అని అడగలేదు. నేను చూసినట్టు నటించి ఇంటిదాకా ఒక నాటకం కల్లబొల్లిగా అల్లి చెప్పాను. అసలు పద్యాలన్నీ చెవులారా విన్న మనిషి, నా కల్లకథకు మధ్యమధ్య ఊ కొడుతూ నడిచింది. ఆమె పోయేదాకా ఆ రోజు సంగతి మా ఇద్దరి మధ్య మళ్లీ రాలేదు.

ఇప్పుడు నాకే మనవలున్నారు. బజార్లోనో బస్టాండ్లోనో వెనక నుంచి ఎవరో ఎవరినో "ఏమ్‌రా" అని పిలిస్తే నేను ఆగిపోయి తిరుగుతాను. మా మనవలు పడీపడీ నవ్వుతారు, నానమ్మా నిన్ను కాదే, పోరగాణ్ని పిలిచిండ్రు అని. నేనూ వాళ్లతో పాటు నవ్వుతాను, దాని మీద ఇంకో జోకు కూడా వేస్తాను. తిరిగిన ప్రతిసారీ నా నోటిదాకా వచ్చి ఆగే జవాబు మాత్రం వాళ్లకు చెప్పలేదు.

ఇప్పుడే వచ్చిన అవ్వా.