లోపలి ఒడి

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, ఒక మాట చెబుతాను.

మూడో కాన్పు తరువాత నాకు దగ్గినా తుమ్మినా చీర తడిసేది. ఎవరికీ చెప్పుకోలేక నీళ్ళు తాగడం తగ్గించాను, నడుముకు గుడ్డ బిగించాను, పత్తి తీతకు వెళ్ళడమే మానేశాను.

ఒకసారి గుంటూరు బస్సులో ఎవరిదో మిరపకాయల బస్తా ఘాటుకు అందరం దగ్గాం. నా సీటు తడిసింది. దిగాల్సిన చోటు దగ్గర పడుతున్నా లేవడానికి ధైర్యం చాలలేదు. పక్కనున్న పెద్దావిడ గమనించి, తన తువ్వాలు నా నడుముకు చుట్టింది. లోపలి గుడ్డ ఆవిడ చేతికి తగిలింది.

"ఇదేంటి, ఇట్టా బిగించావ్?"

"ఆగుతుందేమోనని అండి."

"పైన బిగిస్తే బరువంతా కిందికే తోస్తుంది అమ్మాయ్. పత్తి తీసేటప్పుడు కొంగుతో ఒడి కట్టుకుంటాం చూడు, కడుపు అడుగున కండ కూడా అట్టాంటి ఒడే. మూత్రసంచీ, గర్భసంచీ దానిమీదే ఆనుకుని ఉంటాయి. కాన్పులకు అది వదులవుద్ది. మూత్రం ఆపుకున్నట్టు లోపలికి బిగించి, మళ్ళీ వదులు. రోజూ చెయ్యి. నాకు డాక్టరమ్మ నేర్పింది, నువ్వూ వెళ్ళి చూపించుకో. ముందు ఈ నీళ్ళు తాగు."

ఆవిడ సీసా సగం తాగేసి, తువ్వాలుతోనే దిగాను. పేరు అడగలేదు. డాక్టరమ్మకు చూపించుకుని, ఆవిడ చెప్పినట్టే రోజూ చేశాను. పై ఏడు పత్తి చేలో మళ్ళీ ఒడి కట్టినప్పుడు ఆవిడే గుర్తొచ్చింది.

మీ ఇంటి ఆడవాళ్ళంతా కడుపునిండా నీళ్ళు తాగి, బెదురు లేకుండా పకపకా నవ్వుతూ చల్లగా ఉండాలి తల్లీ.